అట్ట మీద పెన్సిల్ రాత

పోయినేడాది నాచారం ఇల్లు ఖాళీ చేసి ఉప్పల్ మెట్రో స్టేషన్ దగ్గరి ఫ్లాట్‌లోకి మారేటప్పుడు నేనొక పని చేశాను. నాన్న ఎల్పీ రికార్డులు నలభై ఒకటీ భద్రంగా సర్దుకున్నాను. వాటికి ఆయన చేత్తో చేసిన అట్టల్ని మాత్రం పాత పేపర్లవాడికి కిలోల లెక్కన తూచి ఇచ్చేశాను.

అప్పటికి నాకు రికార్డుల పిచ్చి పట్టి నాలుగేళ్లు. ఈ పిచ్చి ఉన్నవాళ్లకి రికార్డు ఎంతో, దాని ఒరిజినల్ అట్టా అంతే. హెచ్‌ఎంవీ కుక్కబొమ్మ అట్ట మూలలు నలగకుండా దొరికిందంటే ఆ రోజు పండగ. అలాంటివి కోఠీలో, ఆబిడ్స్ ఫుట్‌పాత్‌ల మీద, ఆన్‌లైన్‌లో వెతికి వెతికి కొన్నాను. ఘంటసాల సంకలనాలన్నిటికీ 'అసలు' అట్టలు వచ్చేశాయి. ఇక నాన్నవి ఎందుకు?

నాన్న నాచారం ఐడీఏలో ఒక అట్టపెట్టెల యూనిట్‌లో పనిచేశారు. ఎన్టీఆర్ రామకృష్ణా స్టూడియోలో 'దానవీరశూరకర్ణ' తీశారని నాచారం వాళ్లు ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటారు. నాన్నకి మాత్రం తను చేసిన అట్టలే గొప్ప. ఎల్పీ పన్నెండంగుళాలు. అట్ట కొంచెం బిగువైతే రికార్డు దూరదు, వదులైతే లోపల జారుతూ గీతలు పడుతుంది. ఆ సందు ఆయనకి చేతివేళ్లలో ఉండేది. బైండింగు వాళ్ల దగ్గర కాలికో గుడ్డ ముక్కలు తెచ్చి వెన్నుకి అంటించేవారు. మైదా ఉడికించి, పురుగు పట్టకుండా అందులో కాస్త మైలుతుత్తం కలిపేవారు. ముందువైపు పాత కేలండర్ బొమ్మ, చుట్టూ పెళ్లి శుభలేఖల బంగారు అంచు. కొన్ని నిజంగా బాగుండేవి, కొన్ని కిళ్లీకొట్టులా ఉండేవి.

వెనకవైపు పాటల పట్టిక. పాట, సినిమా, ఏడాది, రాసినవారు, సంగీతం, అన్నీ గుండ్రటి అక్షరాలతో. నా దగ్గరున్న కంపెనీ అట్టల్లో చాలావాటి మీద గాయకుడి ఫొటోయే పెద్దది. పాట రాసినవాడి పేరు వెతుక్కోవాలి.

విచిత్రమేమిటంటే, ఇలాంటి పనిని అమెరికావాళ్లు చేస్తే నేను నోరు తెరుచుకుని చూసేవాణ్ణి. 1952లో హారీ స్మిత్ తన సొంత పాత రికార్డుల్లోంచి 84 జానపద గీతాలు ఏరి ఆరు ఎల్పీల సంకలనం చేశాడు. దాంతో వచ్చే పుస్తకాన్ని కూడా తనే కత్తిరించి, అంటించి తయారుచేశాడు. 2003లో డస్ట్-టు-డిజిటల్ సంస్థ పాత భక్తిగీతాల్ని (అవి సీడీలే అనుకోండి) దేవదారు పెట్టెలో ముడి పత్తి పరిచి అమ్మింది. వాటి ఫొటోలు నా ఫోన్‌లో దాచుకున్నాను. మా ఇంట్లో అటక మీదున్నవి తూకానికి వేశాను. మా ఉద్యోగం భాషలో చెప్పాలంటే, కోడ్ ఉంచుకుని కామెంట్లు చెరిపేశాను.

ఒక్క అట్ట మిగిలింది, అదీ పొరపాటున, వంటసామాన్ల డబ్బాలో అడుగున. ఘంటసాల సంకలనమే. అందులో 'దేవదాసు' పాట ఎదురుగా, రచన అన్నచోట నీలం సిరాతో 'సముద్రాల' అని ఉంది. పక్కనే, ఎప్పుడు రాశారో, పెన్సిల్‌తో 'మల్లాది?' అని ఉంది.

1953 నాటి ఆ సినిమా పాటలకి రచయితగా వేసిన పేరు సముద్రాల రాఘవాచార్యది. వాటిలో కొన్ని అసలు మల్లాది రామకృష్ణశాస్త్రి రాసినవన్న మాట సాహిత్యం పట్టినవాళ్ల మధ్య ఎన్నో ఏళ్లుగా నడుస్తోంది. నేనే ఈ సంగతి మీద స్నేహితులతో గంటలకొద్దీ వాదించాను. పదో తరగతి దాటని నాన్నకి ఈ గొడవ తెలుసని నాకు తెలీదు. ఎక్కడ చదివారు? ఎవరితో మాట్లాడారు? ఆ ప్రశ్నార్థకం ఎందుకు పెట్టారు, కొట్టేయకుండా రెండు పేర్లూ ఎందుకు ఉంచారు? పక్కగదిలో ఇరవై ఏళ్లున్నాను, ఒక్కసారీ ఆయనతో పాటల గురించి మాట్లాడలేదు. మిగతా నలభై అట్టల మీద పెన్సిల్‌తో ఇంకేం రాశారో.

పాత పేపర్లవాడిని వెతుక్కుంటూ నాచారం వెళ్లాను. అతను నవ్వి, "అన్నా, అవి ఎప్పుడో పోయినయ్" అన్నాడు.

అమ్మకి చెబితే కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "ఆదివారం ఆదివారం ఆ జిగురు కంపు భరించింది నేనురా. నన్నొక మాట అడగొద్దూ?" అంది.

మిగిలిన ఆ అట్ట వెన్ను ఊడిపోతోంది. మొన్న మైదా ఉడికించాను. ఉండలు కట్టింది. నీళ్లు మరిగాక పిండి వేయకూడదట, చల్లనీళ్లలోనే కలిపి పొయ్యి మీద పెట్టాలట. వచ్చే ఆదివారం అమ్మ పక్కన నిలబడతానంది.