తరగతి గదిలో పుట్టిన యంత్రం

నీటిలో దిగనిదే ఈత రాదని పెద్దలంటారు. కంప్యూటర్ నిర్మాణశాస్త్రాన్ని అభ్యసించే విద్యార్థికి ఈ మాట అక్షరాలా వర్తిస్తుంది. ఇంజనీరింగ్ చదువు తొలి రోజులలో అతడు కంప్యూటర్ చేత పని చేయించడం నేర్చుకుంటాడు. పై తరగతులకు వచ్చేసరికి ప్రశ్న మారుతుంది. ఆ యంత్రం అలాగే ఎందుకుండాలి? మరొక విధంగా ఉంటే ఏమవుతుంది? ఈ ప్రశ్న వేయగలిగిననాడే అతని చదువు పరిణతి పొందినట్లు.

ఇటువంటి ప్రశ్న వేసిన ఒక తరగతి గది చరిత్రలో నిలిచిపోయింది. అది అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన బర్కిలీ ప్రాంగణం. సంవత్సరం 1980. ఎన్ని ఎక్కువ ఆదేశాలను, ఎంత క్లిష్టమైన ఆదేశాలను గ్రహించగలిగితే ప్రాసెసర్ అంత గొప్పదని పరిశ్రమ విశ్వసిస్తున్న కాలమది. వాడుకలో ఉన్న ప్రోగ్రాములను పరిశీలిస్తే వేరొక సత్యం బయటపడింది. వాటి పనిలో అధికభాగం కొద్దిపాటి సరళమైన ఆదేశాలతోనే సాగిపోతున్నది. క్లిష్టమైనవి అరుదుగా మాత్రమే అవసరమవుతున్నాయి. అయినా వాటి కోసం చిప్‌లో ఎంతో చోటు కేటాయించేవారు. ఏడాదికొకసారి వచ్చే బంధువుల కోసం ఇంటిలో సగం గదులకు తాళం వేసి ఉంచడం వంటిదే ఇది.

ఆచార్య డేవిడ్ ప్యాటర్సన్ ఈ విషయాన్ని తన స్నాతకోత్తర విద్యార్థుల ముందుంచారు. సరళమైన ఆదేశాలనే నిలిపి, వాటిని వేగంగా పూర్తిచేసే ప్రాసెసర్‌ను నిర్మించాలన్నది వారి సంకల్పం. ఈ పద్ధతికే ‘రిస్క్’ అని పేరు. తగ్గించిన ఆదేశాలు గల కంప్యూటర్ అని దాని భావం. అనుభవజ్ఞులు ఎందరో దీనిని సందేహించారు. విద్యార్థులు వాదనతో గాక చిప్‌తోనే సమాధానం చెప్పదలచారు. 1982లో రిస్క్-1 సిద్ధమైంది. దానిలో ఉన్నవి 31 ఆదేశాలు, సుమారు 44 వేల ట్రాన్సిస్టర్లు. ఆనాటి వాణిజ్య ప్రాసెసర్లలో లక్షకు పైబడిన ట్రాన్సిస్టర్లు గలవీ ఉండేవి.

అయితే తొలి చిప్ అనుకున్నంత వేగంగా పనిచేయలేదు. అంతమాత్రాన వారు ప్రయత్నం విడువలేదు. మెరుగుపరచిన రిస్క్-2ను మరుసటి ఏడాదే రూపొందించారు. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఆచార్య జాన్ హెన్నెసీ, ఆయన శిష్యులు 1981లో ఆరంభించిన ‘మిప్స్’ కృషి కూడా ఇదే బాటలో ఫలించింది. ఆచార్యులిద్దరూ కలిసి 1990లో వెలువరించిన పాఠ్యగ్రంథం ఈ శాస్త్రాన్ని బోధించే తీరునే మార్చింది. 2017 సంవత్సరపు ట్యూరింగ్ పురస్కారం వారిరువురినీ వరించింది.

కొలవనిదే దేనినీ నమ్మరాదన్నది ఆ గ్రంథం నేర్పే ప్రధాన పాఠం. క్యాష్ మెమరీని పెద్దది చేస్తే కావలసిన సమాచారం తరచుగా అక్కడే దొరుకుతుంది. కాని అది పెద్దదైనకొద్దీ దానిని చేరడానికి పట్టే సమయమూ పెరుగుతుంది. ఒకచోట లాభం మరొకచోట నష్టమై తేలవచ్చు. ఏది ఎంతో ఊహ చెప్పలేదు, ప్రయోగశాలలో చేసిన కొలతే చెప్పగలదు. తన అంచనా తప్పని అంకెలు చెప్పినప్పుడు తలవంచి అంగీకరించడం విద్యార్థి అలవరచుకోవలసిన వినయం.

బర్కిలీలోనే 2010లో ఒక వేసవి ప్రయత్నంగా ‘రిస్క్-ఫైవ్’ ఆరంభమైంది. రుసుము చెల్లించకుండా ఎవరైనా వాడుకోగల ఆదేశాల ప్రమాణమిది. దీని ఆధారంగా మద్రాసు ఐ.ఐ.టి. వారు ‘శక్తి’ ప్రాసెసర్లను రూపొందించారు. 2018లో వాటిపై లైనక్స్ నడిచింది. ఈనాడు తెలుగునాట ఒక చిన్న పట్టణంలోని ఇంజనీరింగ్ విద్యార్థి సైతం ఆ ప్రమాణాన్ని చదివి, ప్రయోగశాలలో ఒక చిన్న ప్రాసెసర్‌ను నిర్మించి చూడవచ్చు.

ఒకరు చేసిన యంత్రాన్ని వాడుకోవడం నైపుణ్యం. దాని లోపలికి తొంగిచూసి, అనవసరమైనదేదో కొలిచి తెలుసుకుని, దానిని తొలగించే సాహసం చేయడం విద్య. ఆ సాహసానికి పెద్ద కర్మాగారమే అక్కరలేదని, ఒక తరగతి గది చాలునని బర్కిలీ విద్యార్థులు నిరూపించారు.