సద్దు ఆగితే జబ్బు పోయినట్టు కాదు

పోయిన నెల సంఘం కూటానికి మా నాయన అంబాసిడర్‌లో వచ్చినప్పుడు, "ఇంజిన్ కొత్తగా చేయించినావంట, ఇంకా టకటకమంటుందేమి?" అని నలుగురైదుగురు అడిగారు. అప్పుడు ఏదో చెప్పి తప్పించుకున్నాను. నిజం చెప్పడానికి సిగ్గేసింది. ఇప్పుడు రాస్తున్నాను. కొంచెం పెద్దదే, ఓపికగా చదవండి.

బండి 1978 మార్క్ 3. 1489 సీసీ పెట్రోల్ ఇంజిన్. నాయన పోయాక నాలుగేళ్లు షెడ్డులోనే నిలబడిపోయింది. అక్క కూతురి పెళ్లి కుదిరింది. తాత బండిలోనే మంటపానికి పోతానని పిల్ల పట్టుబట్టింది. ఇంజిన్ దించి బోరు చేయించాం. కొత్త పిస్టన్లు, రింగులు, బేరింగులు, వాల్వు గ్రైండింగ్. పని చేసింది మన సంఘంలోని పెద్దాయనే, నాయనకు చిన్ననాటి స్నేహితుడు. నేను మామా అని పిలుస్తాను.

బండి కదిలిన రోజు నుంచే పైభాగంలో సన్నగా టక్ టక్. 500 కిలోమీటర్లు తిరిగాక హెడ్ బోల్టులు మళ్లీ బిగించి, ట్యాపెట్ గ్యాప్ సరిచేస్తే పోతుందనుకున్నాం. పోలేదు. ఇంట్లో మనం సద్దు అంటాం, వర్క్‌షాపులో సత్తం అంటారు. ఏ పేరుతో పిలిచినా నాకు నిద్ర లేకుండా చేసింది.

1920లో ఒక్క బస్సుతో పొళ్లాచ్చి, పళని మధ్య సర్వీసు మొదలుపెట్టిన జి.డి. నాయుడు గారి ఊరు మన కోయంబత్తూరు. సద్దు విని జబ్బు చెప్పేవాళ్లకు ఇక్కడ కొదవ లేదు. రోడ్డు పక్క మెకానిక్ ఒకతను, "గ్యాప్ కొంచెం తగ్గిస్తే చాలు సార్, సత్తం ఆగిపోతుంది. పది నిమిషాల పని" అన్నాడు. నేను సరేనన్నాను కూడా. ఆ రాత్రే మన గ్రూపులో పెట్టడానికి పెద్ద మెసేజ్ టైపు చేశాను. "మనవాళ్లని నమ్మి పని ఇస్తే ఇట్లా చేస్తారా" అని. మా ఆవిడ చదివి, "ముందు ఆ సద్దు ఎక్కడిదో చూడండి, తర్వాత రాయండి" అంది. పంపకుండా ఆపాను.

ఆదివారం నాయన మాన్యువల్ తీసి కూర్చున్నాను. మొదట తెలిసిన సంగతి ఇది. వాల్వు వేడికి సాగుతుంది. ఆ సాగుడుకు చోటు కోసమే గ్యాప్. మా మాన్యువల్లో 15 థౌ, అంటే సుమారు 0.38 మిల్లీమీటర్లు. అది మరీ తగ్గిస్తే వాల్వు సీటు మీద పూర్తిగా కూర్చోదు. ఎగ్జాస్ట్ వాల్వు తన వేడిలో ఎక్కువ భాగం సీటుకే ఇచ్చి చల్లబడుతుంది. కూర్చోకపోతే అంచు కాలిపోతుంది. ఆ మెకానిక్ మాట విని ఉంటే సద్దు ఆగేది, కొన్నాళ్లకు వాల్వు కాలేది.

రెండోది, సద్దు వేగం. క్యామ్ షాఫ్టు ఇంజిన్ వేగంలో సగం వేగంతో తిరుగుతుంది. ఐడిల్‌లో ఇంజిన్ నిమిషానికి 700 చుట్లు తిరిగితే ఒక్కో వాల్వు 350 సార్లు తెరుచుకుంటుంది. నాది ఆ సగం లెక్కకే సరిపోయింది. కింది బేరింగుల సద్దయితే ఇంకా లోతుగా, బరువుగా ఉంటుంది. పొడుగు స్క్రూడ్రైవర్ మొన రాకర్ కవరు మీద పెట్టి, పిడి చెవికి ఆనించి విన్నాను. ముందు సగంలోనే గట్టిగా ఉంది. (ఇట్లా వినేటప్పుడు ఫ్యాను, బెల్టు జాగ్రత్త.) కవరు విప్పి ఇంజిన్ నడిపితే ప్రతి రాకర్‌కూ ఆయిల్ అందుతోంది.

చల్లబడ్డాక గ్యాప్ కొలిచాను. ఈ ఇంజిన్‌కు తొమ్మిది లెక్క ఒకటుంది. 8వ వాల్వు పూర్తిగా తెరుచుకున్నప్పుడు 1వది కొలవాలి, 6వది తెరుచుకుంటే 3వది. రెండూ కూడితే తొమ్మిది రావాలి. ఎనిమిదీ కొలిచాను. అన్నీ 15 థౌ. మామ పనిలో తప్పు లేదు. మరి సద్దు ఎందుకు?

మళ్లీ ఇంజిన్ నడిపి, పలుచటి ఫీలర్ రేకును ఒక్కో రాకర్ కింద దూర్చి చూశాను. 4వ దాని దగ్గర సద్దు ఆగింది. ఆ రాకర్ ఊడదీసి, వాల్వును తాకే చోట గోరుతో గీశాను. చిన్న గుంట తగిలింది. ఏళ్ల తరబడి కొట్టుకుని అరిగిన గుంట. ఫీలర్ రేకు ఆ గుంట మీద వంతెనలా నిలుస్తుంది, లోపలికి దిగదు. కాబట్టి కొలత 15 అనే చూపిస్తుంది, అసలు ఖాళీ దానికంటే ఎక్కువ.

రాకర్ చేతిలో పట్టుకుని మామ దగ్గరికి పోయాను. ఆయన కోప్పడలేదు. డ్రాయరు తీసి, మొదట రాసిచ్చిన చీటీ చూపించారు. అందులో "రాకర్లు, షాఫ్టు సెట్" అని ఉంది. దాని మీద అడ్డంగా గీత, నా పెన్నుతోనే. "పాతవే పోతాయిలే మామా, ఖర్చు ఎక్కువైపోతుందని నువ్వే కదప్పా కొట్టేసినావు" అన్నారు. నాకు నిజంగానే గుర్తులేదు. ఆయన మాత్రం నెల రోజులుగా ఈ సద్దు వింటూ, తన పనే అందరూ అనుమానిస్తున్నారని తెలిసి కూడా, ఆ చీటీ ఎవరికీ చూపించలేదు.

కొత్త సెట్ ఆయనే వెతికి తెచ్చి బిగించారు. ఇప్పుడు కుట్టు మిషన్‌లాంటి సన్నటి సద్దు మాత్రం ఉంది. ఈ ఇంజిన్‌కు అది ఉండాల్సిందే అని మామ మాట. పెళ్లికూతురు తాత బండిలోనే మంటపానికి పోయింది. బండి నడిపింది మామే.

ఆ రాత్రి టైపు చేసిన మెసేజ్ తీసేశాను. దాని బదులు ఇది రాశాను. మీలో ఎవరైనా పాత ఇంజిన్ చేయిస్తుంటే, చీటీలో ఏది కొట్టేస్తున్నారో రాసి పెట్టుకోండి. గ్యాప్ సరిగ్గా ఉన్నా సద్దు వస్తుంటే రాకర్ మొనను గోరుతో తడిమి చూడండి. మీకు ఇట్లాంటివి ఎదురయ్యి ఉంటే కింద రాయండి, అందరికీ పనికొస్తుంది.