చక్రాల మీది ఇల్లు, కాళ్ల కింది నేల

"రివర్స్ చేయడం రాకపోతే కారవాన్ జోలికి పోకూడదు" అని బావగారు ఎప్పుడూ అనేవారట. అందుకే పన్నెండేళ్లుగా డార్విన్‌లో ఉంటున్నా, ఆసుపత్రిలో రాత్రి డ్యూటీకి ఒక్కతే కారు నడుపుకుంటూ వెళ్లివస్తున్నా, అక్క ఏనాడూ కారవాన్ తగిలించిన బండి స్టీరింగ్ పట్టుకోలేదు. బావగారు నడిపేవారు, అక్క పక్కన కూచుని మ్యాపు చూసేది. సాయంత్రం బండి ఆగాక ఆయన బయట మడత కుర్చీ వేసుకునేవారు. ఆమె లోపలికెళ్లి గ్యాస్ స్టవ్ వెలిగించేది.

2018 జూలైలో నేను వెళ్లేసరికి బావగారు పనిమీద పెర్త్‌లో ఉన్నారు. "మనిద్దరమే పోదామే" అంది అక్క. మా పెద్దమ్మ కూతురు. చిన్నప్పుడు గోదావరిలో ఈత నేర్పింది తనే. అలాంటి మనిషి గొంతులో, ఆ మాట అంటున్నప్పుడు, దొంగతనానికి పిలుస్తున్నంత భయం వినిపించింది.

నా సంచీలోనూ ఒక భయం ఉంది. తమ్ముడికి పంపడానికి లాయరు రాసిచ్చిన నోటీసు. నాన్న పోయాక, ఏజెన్సీలో ఉన్న పొలంలో నా వాటా అడిగాను. "నిన్ను డాక్టరేట్ దాకా చదివించాం, పెళ్లి చేశాం, ఇంకేం వాటా?" అన్నాడు తమ్ముడు. 1986లో మన రాష్ట్రం చేసిన సవరణ గురించి, 2005లో కేంద్రం చేసిన సవరణ గురించి ఎన్ని సభల్లో మాట్లాడాను! నా ఇంటి గడప దగ్గరికి వచ్చేసరికి మూడు నెలలుగా ఆ కాగితం మీద సంతకం పెట్టలేక మోసుకు తిరుగుతున్నాను. అమ్మ ఏడుస్తుందని కాబోలు అనుకున్నాను అప్పుడు.

డార్విన్ నుంచి స్టువర్ట్ హైవే మీద దక్షిణానికి వెళ్లాం. ఆ రోడ్డు ఖండాన్ని నిలువునా చీల్చుకుంటూ 2,700 కిలోమీటర్లకు పైగా పోతుంది. మేం వెళ్లింది అందులో ఒక చిన్న ముక్క. ఉత్తర ఆస్ట్రేలియాలో మనలా మూడు కాలాలు చెప్పరు. వానాకాలం, ఎండాకాలం, అంతే. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా వాగులు పొంగి రోడ్లు మూసేస్తారు. మే నుంచి ఆకాశంలో మబ్బు తునక ఉండదు. ఆ నెలల్లోనే దక్షిణాది చలి తప్పించుకోడానికి కారవాన్‌లు బారులు తీరతాయి. దారిపొడవునా యూకలిప్టస్ చెట్లు, మనిషెత్తు దాటిన చెదపుట్టలు. అక్కడక్కడా గడ్డి తగలబెట్టిన వాసన, ఆ పొగ మీద మిడతల కోసం తిరిగే గద్దలు. యాభై మీటర్లు దాటిన రోడ్ ట్రైన్ ఎదురొస్తే దాని గాలికి మా కారవాన్ ఊగిపోయేది. అక్క స్టీరింగ్ బిగించి పట్టుకుని "అమ్మా!" అనేది. అమ్మ అంటే మా పెద్దమ్మే. తిరుపతికి వెళ్లినా కిరసనాయిలు స్టవ్వు, బియ్యం, చింతపండు మూటగట్టుకెళ్లి సత్రంలో పన్నెండుమందికి వండిపెట్టిన మనిషి. మా ఇళ్లలో ఆడవాళ్ల ప్రయాణం అంటే వంటిల్లు స్థలం మారడమే. కారవాన్ చూడగానే నాకు అదే అనిపించింది. వంటింటికి చక్రాలు తగిలించారు, అంతే కదా!

కాథరిన్ ఊళ్లో కారవాన్ పార్కుకి చేరేసరికి చీకటి పడుతోంది. మాకిచ్చిన స్థలం రెండు బళ్ల మధ్య ఇరుకు సందు. అక్క నాలుగుసార్లు వెనక్కి పోనిచ్చింది. నాలుగుసార్లూ కారవాన్ అడ్డం తిరిగింది. చుట్టూ మగవాళ్లు కుర్చీల్లోంచి లేవకుండానే ఎడమ అని ఒకరు, కుడి అని ఒకరు. అక్క కళ్లల్లో నీళ్లు. అప్పుడు ఒక ముసలావిడ చేతిలో పళ్లెం పక్కన పెట్టి వచ్చింది. స్టీరింగ్ కింది భాగం పట్టుకోమంది. కారవాన్ తోక ఎటు వెళ్లాలో చెయ్యి అటే జరపమంది. అంతే. ఐదోసారికి బండి నెమ్మదిగా ఒదిగింది. భర్తకి జబ్బు చేశాక అరవై ఒకటో ఏట నేర్చుకున్నానని, అంతకు ముందు ముప్ఫై ఏళ్లు తనకి ఈ ఒక్క ముక్క ఎవరూ చెప్పలేదని ఆవిడ నవ్వింది. చెప్పడానికి అర నిమిషం పట్టే విద్య అది! ఆ రాత్రి వంట చేయలేదు. బ్రెడ్డు, అరటిపళ్లు తిని పడుకున్నాం. అక్క నిద్రలో కూడా చెయ్యి జరుపుతూనే ఉంది.

మర్నాడు ఇంకో వంద కిలోమీటర్లు వెళ్తే మటరాంకా. తాటిజాతి చెట్ల నీడలో గోరువెచ్చని ఊటనీళ్లు. అందరూ అందుకోసం వస్తారు. నేను వెళ్లింది ఒక పుస్తకం కోసం. జీనీ గన్ అనే మెల్‌బోర్న్ టీచరు, ఎల్సీ స్టేషన్ అనే విశాలమైన పశువుల క్షేత్రానికి మేనేజరుగా వెళ్తున్న భర్తతో 1902లో ఇక్కడికొచ్చింది. అది ఆడది బతికే చోటు కాదని అక్కడి మగవాళ్లు ఆమె రాకను ఆపాలని చూశారు. 1903 మార్చిలో భర్త చనిపోయాడు. తిరిగి వెళ్లిపోయి 1908లో 'వీ ఆఫ్ ద నెవర్ నెవర్' రాసింది. స్త్రీల యాత్రా రచనల మీద నా థీసిస్‌లో ఆమెకి ఒక అధ్యాయం ఇచ్చాను. మగవాళ్ల సామ్రాజ్యంలో ఒంటరిగా తన చోటు సంపాదించుకున్న స్త్రీ అని రాశాను. ఆ అధ్యాయానికే నాకు ఎక్కువ మెచ్చుకోళ్లు వచ్చాయి.

అసలు ఇల్లు ఇప్పుడు లేదు. 1982లో వచ్చిన సినిమా కోసం కట్టిన నమూనా ఇల్లు ఉంది. వరండాలో నిలబడి నేను అడగని ప్రశ్న ఒకటి గుర్తొచ్చింది. ఆమె చోటు సంపాదించుకుంది సరే, ఆ చోటు ఎవరిది? ఇల్లు ఊడ్చిన, బట్టలుతికిన ఆదివాసీ స్త్రీలు పుస్తకం నిండా ఉన్నారు. నవ్వు పుట్టించే పాత్రలుగా ఉన్నారు. పశువుల్ని చంపుతున్నారని ఆదివాసుల్ని బెదరగొట్టడానికి గుర్రాల మీద వెళ్లడం కూడా ఉంది. అవన్నీ చదివాను. 'ఆ కాలపు పరిమితులు' అని ఒక్క వాక్యం రాసి దాటేశాను. ఆమె ఇంకో పుస్తకంలో 'బెట్-బెట్' అనే చిన్నపిల్ల ఉంటుంది. ఆ పిల్ల నిజంగా ఉంది. పెద్దయ్యాక డార్విన్‌లో బతికిన డాలీ బాన్సన్ ఆమే. 1988లో చనిపోయింది. ఆ పేరు నా థీసిస్‌లో లేదు.

ఎల్సీ స్టేషన్ 2000లో మంగరాయి ప్రజలకు తిరిగి దక్కింది. ఆ దారి వేసినవాళ్లలో గురిందజీలున్నారు. కాథరిన్‌కి నైరుతిగా ఉన్న వేవ్ హిల్ క్షేత్రంలో 1966లో విన్సెంట్ లింగియారి వెంట పశువుల కాపర్లు, ఇళ్లలో పనిచేసే స్త్రీలు, పిల్లలు అందరూ పని వదిలి నడిచి వెళ్లిపోయారు. బయటివాళ్లు దాన్ని కూలి కోసం సమ్మె అనుకున్నారు. వాళ్లు మాత్రం ఈ నేలే మాది అన్నారు. తొమ్మిదేళ్ల తర్వాత, 1975లో, ప్రధాని గఫ్ విట్లమ్ వచ్చి లింగియారి అరచేతిలో మట్టి పోశాడు.

కూలి అడగడం వేరు, నేల ఎవరిదని అడగడం వేరు. ఆ రాత్రి కారవాన్ మెట్టు మీద కూచుని సంచీలోంచి నోటీసు తీశాను. సర్వే నంబరు, ఎకరాలు, హద్దులు. అక్క టార్చి పట్టుకుని చదివి, నెమ్మదిగా అడిగింది, "ఇది మన పాలేరు పేరు మీద ఉన్న చెక్కే కదూ?"

అదే. మా తాత కాలంలో అప్పు కింద ఒక కోయ కుటుంబం నుంచి తెల్లకాగితం మీద రాయించుకున్నది. 1970లో 1/70 చట్టం వచ్చాక, గిరిజనేతరుల చేతిలో ఉన్న ఏజెన్సీ భూమి గిరిజనులదేనని, కాదంటే రుజువు చూపమని చట్టం అంది. మావాళ్లు రుజువు వెతకలేదు, పేరు మార్చారు. ఆ పాలేరు భార్య రోజూ మా వాకిలి ఊడ్చేది. నాకు ఏడెనిమిదేళ్లప్పుడు పొలం గట్టున చింతచెట్టు చూపించి "మా అత్త గుడిసె ఇక్కడే ఉండేది పాపగారూ" అంది. కథ చెప్తోందనుకుని, తర్వాతేమైందని అడిగాను. ఆమె నవ్వి చీపురు దులుపుకుంది. మూడు నెలలుగా సంతకం పెట్టనివ్వనిది అమ్మ ఏడుపు కాదు. ఆ నవ్వు.

"అయితే నీ వాటా వదులుకుంటావా? మగపిల్లాడు అనుభవిస్తుంటే నువ్వు త్యాగం చేస్తావా?" అక్క కోపంగా అడిగింది. అడగాల్సిన ప్రశ్నే. త్యాగం పేరుతో ఆడవాళ్ల చేత ఎంత వదిలించారో మాకు తెలియదా? నా దగ్గర అప్పుడు జవాబు లేదు.

తిరిగొచ్చాక నోటీసు మార్చి రాయించాను. ఖమ్మంలో నాన్న కట్టించిన ఇంట్లో సగం అడిగాను. ఇంకా అడుగుతూనే ఉన్నాను. పొలం సంగతి చెప్పడానికి ఆ ఇంటికి వెళ్లాను. పాలేరు లేడు. ఆమె గట్టిగానే ఉంది. తాత కాగితం సంగతి చెప్పాను. "మాకు తెలవకనా పాపగారూ?" అంది. మనవడు అప్పటికే స్పెషల్ డిప్యూటీ కలెక్టర్ కోర్టులో అర్జీ పెట్టాడట. నేను ఏదో కనిపెట్టి తెచ్చి ఇస్తున్నట్టు వెళ్లినందుకు సిగ్గుపడ్డాను. కాగితం నకలు ఇచ్చి, నాకు తెలిసింది రాసి సంతకం పెట్టాను. ఆ సంతకానికి చెయ్యి వణకలేదు. తమ్ముడు మాట్లాడటం మానేశాడు. అమ్మ మాత్రం, తాను ఆ కాగితం ఒకసారి చూశానని, అడిగే హక్కు తనకెక్కడిదని ఊరుకున్నానని చెప్పింది.

అక్క ఇప్పుడు ఏటా జూలైలో ఒక్కతే కారవాన్ తీస్తుంది. బావగారు వస్తే పక్క సీట్లో కూచుంటారట. నేను థీసిస్ పుస్తకంగా వేయమని అడిగినవాళ్లకి ఆ అధ్యాయం తిరిగి రాశాకే ఇస్తానన్నాను. రాయడం కష్టంగానే ఉంది. స్త్రీకి చోటు కావాలన్న మాట వెనక్కి తీసుకోను. ఆ చోటు ఎవరి గుడిసె మీద ఉందో కూడా అదే వాక్యంలో రాయాలి. ఇన్నేళ్లు చదివీ నాకు ఆ వాక్యం ఇంకా కుదరలేదు.