రోదసి నావికుల వీడ్కోలు

పిల్లలూ, కథలో వీరుడు ముసలివాడైతే ఏం చేస్తాడు? మనం చదివే చాలా కథల్లో ఈ చిక్కు రాదు. రాజకుమారుడు రాక్షసుణ్ణి చంపి, రాజకుమార్తెను పెళ్ళాడి, చాలాకాలం సుఖంగా ఉంటాడు. అంతటితో కథ ముగుస్తుంది. అతని జుట్టు ఎప్పుడు నెరిసిందో, తన గద్దెను తరవాతి వాళ్ళకు ఎట్లా అప్పగించాడో మనకు ఎవరూ చెప్పరు.

కాని సినిమాలో వేషం వేసేవాళ్ళకు వయసు రాక తప్పదు. దాదాపు ఇరవై అయిదేళ్ళపాటు ఒకే వేషాలు వేసిన ఏడుగురు నటులు ఒక సినిమాలో కలిసికట్టుగా సెలవు తీసుకున్నారు. ఆ సంగతే ఈ నెల మీకు చెబుతాను. ఆ సినిమా 1991 డిసెంబరు 6న అమెరికాలో విడుదలయింది. దాని పేరు "స్టార్ ట్రెక్ 6: ది అన్‌డిస్కవర్డ్ కంట్రీ". అంటే "ఎవరూ కనుగొనని దేశం" అని.

ముందు ఆ ఏడుగురూ ఎవరో తెలుసుకోవాలి. 1966 సెప్టెంబరు 8న అమెరికా టెలివిజన్‌లో "స్టార్ ట్రెక్" అనే కథలు మొదలయాయి. వాటిని కల్పించినవాడు జీన్ రాడెన్‌బెరీ. అప్పటికి మూడు వందల ఏళ్ళ తరవాత ఎంటర్‌ప్రైజ్ అనే రోదసి నౌక నక్షత్రాల మధ్య తిరుగుతూ కొత్త లోకాలను చూసి వస్తుంది. ఇదీ కథ. నౌకకు నాయకుడు కర్క్. అతని స్నేహితుడు స్పాక్ సగం మాత్రమే మనిషి. అతని తండ్రి వల్కన్ అనే మరో గ్రహంవాడు. స్పాక్ ఏ విషయాన్నయినా తర్కంతో తూచిగాని మాట్లాడడు. మెకాయ్ వైద్యుడు. స్కాటీ యంత్రాలు చూసే ఇంజనీరు. సులు, చెకోవ్ నౌకను నడుపుతారు. ఉహూరా వచ్చేపోయే వార్తలు చూస్తుంది.

ఇందులో విశేషమేమంటే, ఉహూరా నల్లజాతి స్త్రీ. సులు వేషం వేసిన జార్జ్ టకేయ్ జపాను సంతతివాడు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో అమెరికా ప్రభుత్వం జపాను సంతతివాళ్ళను నిర్బంధ శిబిరాల్లో పెట్టింది. చిన్నపిల్లవాడైన టకేయ్ కూడా తన కుటుంబంతో అట్లాంటి శిబిరాల్లో గడిపాడు. చెకోవ్ రష్యనువాడు. అప్పట్లో అమెరికా, రష్యా ఒకదాని మీద ఒకటి అణ్వాయుధాలు గురిపెట్టుకుని ఉన్నాయి. అట్లాంటి రోజుల్లో వీళ్ళందరినీ ఒకే నౌకలో పక్కపక్కన కూర్చోబెట్టటం సామాన్యమైన విషయం కాదు.

మొత్తం 79 కథలు తయారయాక, 1969లో టెలివిజన్ వాళ్ళు ఈ కథలను ఆపేశారు. కాని జనం వాటిని మరిచిపోలేదు. పాత కథలనే మళ్ళీ మళ్ళీ వేస్తూ ఉంటే చూసేవాళ్ళ సంఖ్య పెరుగుతూ వచ్చింది. 1976లో అమెరికా మొట్టమొదటి స్పేస్ షటిల్‌ను తయారుచేసినప్పుడు, వేలకొద్దీ జనం ఉత్తరాలు రాసి దానికి ఎంటర్‌ప్రైజ్ అని పేరు పెట్టించారు. ఆ షటిల్ రోదసిలోకి పోలేదు, పరీక్షలకు మాత్రమే ఉపయోగపడింది. 1979లో పాత నటులతోనే మొదటి సినిమా వచ్చింది. ఆ తరవాత మరి నాలుగు వచ్చాయి.

ఆరో సినిమా నాటికి కర్క్ వేషం వేసిన విలియం షాట్నర్‌కూ, స్పాక్ వేషం వేసిన లెనార్డ్ నిమోయ్‌కీ 60 ఏళ్ళు. మెకాయ్, స్కాటీలుగా నటించిన ఇద్దరికీ 71 ఏళ్ళు. సినిమా తీసినవాళ్ళు ఈ వయసును దాచటానికి ప్రయత్నించలేదు. దాన్నే కథకు ఆధారం చేసుకున్నారు.

కథ ఏమిటంటే, మనుషులకూ క్లింగాన్లు అనే జాతికీ ఎంతో కాలంగా వైరం. ఒకనాడు క్లింగాన్ల చంద్రుడు పేలిపోతుంది. వాళ్ళకు కావలసిన శక్తిలో ముఖ్యభాగం అక్కడే తయారవుతుంది. మితిమీరి తవ్వటం, జాగ్రత్తలు సరిగా తీసుకోకపోవటం ఆ ప్రమాదానికి కారణాలు. ఇక క్లింగాన్లు యాభై ఏళ్ళకు మించి బతకటం కష్టం. అందుచేత వాళ్ళ నాయకుడు గోర్కన్ సంధికి సిద్ధపడతాడు. అతన్ని వెంటబెట్టుకు వచ్చే పని కర్క్‌కు అప్పగిస్తారు.

కర్క్‌కు ఈ పని ఇష్టం లేదు. అంతకు ముందు 1984లో వచ్చిన సినిమాలో ఒక క్లింగాన్ కర్క్ కొడుకును చంపేశాడు. అందుచేత, వాళ్ళు చచ్చిపోతే పోనిమ్మంటాడు. ఎన్నో లోకాలు చూసిన వీరుడి నోట ఇట్లాంటి మాట వస్తుందని మనం అనుకోం. కాని కొడుకును పోగొట్టుకున్న తండ్రి అట్లా అనటం అబద్ధమనీ అనిపించదు.

ఇంతలో గోర్కన్ హత్య జరుగుతుంది. హంతకులు ముందుగా అతని నౌకలో కృత్రిమ ఆకర్షణ శక్తిని చెడగొడతారు. అప్పుడు నెత్తురు బొట్లు కింద పడక, గుండ్రని గోళీలలాగా గాలిలో తేలుతాయి. ఇది కల్పన కాదు. ద్రవం ఉపరితలం సాగదీసిన పొరలాగా పనిచేసి, ద్రవాన్ని లోపలికి లాగి పట్టుకుంటుంది. దీన్నే తలతన్యత అంటారు. రోదసిలో ఉన్న నౌకలో చెంబెడు నీళ్ళు ఒంపితే అవి ధారగా పడవు, ఉండకట్టి తేలుతాయి. తామరాకు మీద నీటిబొట్టు గుండ్రంగా నిలవటంలోనూ తలతన్యత పాత్ర ఉంది.

హత్యానేరం కర్క్ మీదా, మెకాయ్ మీదా పడుతుంది. వాళ్ళను మంచుతో నిండిన ఒక చెరలోకి పంపుతారు. అసలు దోషులెవరో స్పాక్ విచారిస్తాడు. తీరా చూస్తే, సంధి ఇష్టంలేని క్లింగాన్లూ, సంధి ఇష్టంలేని మనుషులూ రహస్యంగా చేతులు కలిపారని తేలుతుంది! శత్రుత్వాన్ని కాపాడుకోవటానికి శత్రువులు ఏకమయారు. ఆ కుట్రలో వలేరిస్ అనే యువతి కూడా ఉన్నది. తన తరవాత తన స్థానంలోకి రావాలని స్పాక్ ఎంతో శ్రద్ధగా తయారుచేసిన శిష్యురాలు ఆమె.

పిల్లలూ, బడిపంతులుగా నన్ను ఎక్కువగా కదిలించినది ఈ ఘట్టమే. వలేరిస్ స్పాక్ చెప్పిన చదువంతా నేర్చుకున్నది. దానితో పాటు ఇతరుల పాత పగ కూడా నెత్తికెత్తుకున్నది. ఇట్లాంటిది నేను రోదసిలో కాదు, మన నేలమీదే చూశాను. నేను ప్రధానోపాధ్యాయుడుగా పనిచేసిన ఒక ఊరి బడికీ, పొరుగూరి బడికీ చాలా ఏళ్ళుగా మాటలు లేవు. ఎప్పుడో ఒక కబడ్డీ పందెంలో తగాదా వచ్చిందట. ఆనాడు ఆడినవాళ్ళకు అప్పటికే మనవలు పుట్టారు. అయినా పదేళ్ళ పిల్లలు ఆ బడి పేరు చెబితే మొహం చిట్లించేవాళ్ళు. "ఎందుకురా?" అని అడిగితే, "ఏమోనండీ, వాళ్ళంటే మాకు పడదు," అనేవాళ్ళు.

నేను పదవీ విరమణ చేసిన సంవత్సరం పొరుగూరి పిల్లలను మా బడికి పిలిపించాను. మొదటి గంట ఎవరూ ఎవరితోనూ మాట్లాడలేదు. తరవాత రెండు బళ్ళ పిల్లలనూ కలిపి జట్లు చేసి కబడ్డీ ఆడించాం. సాయంత్రానికి ఎవరు ఏ బడివాళ్ళో పోల్చుకోవటం కష్టమయింది. నా తరవాత వచ్చిన మేష్టారికి బీరువా తాళాలూ, రిజిస్టర్లూ అప్పగించాను. ఆ తగాదా మటుకు అప్పగించలేదు.

కర్క్ చేసినదీ ఇదే. అతను చెర తప్పించుకుని, స్నేహితులతో సంధి సభకు సమయానికి చేరుకుని, మరొక హత్య జరగకుండా అడ్డుపడతాడు. ఇప్పుడు మరో నౌకకు నాయకుడైన సులు కూడా వాళ్ళకు తోడుగా వస్తాడు. సంధి నిలుస్తుంది. కర్క్‌కు కొడుకు తిరిగి రాడు. కాని ఆ పగ మరొక తరానికి పోకుండా ఆగింది.

ఈ కథ వట్టి ఊహ కాదు. 1986లో సోవియట్ యూనియన్‌లోని చెర్నోబిల్‌లో అణువిద్యుత్ కేంద్రం పేలింది. 1989లో బెర్లిన్ గోడ తెరుచుకున్నది. ఈ సంఘటనలనే రోదసి కథగా మార్చారు. సినిమా విడుదలయిన మూడు వారాల లోపలే సోవియట్ యూనియన్ అంతరించింది. ఇక సినిమా పేరును షేక్స్‌పియర్ నాటకం "హామ్లెట్" నుంచి తీసుకున్నారు. ఆ నాటకంలో ఎవరూ కనుగొనని దేశమంటే మరణం. గోర్కన్ మాత్రం దాన్ని భవిష్యత్తు అనే అర్థంలో వాడతాడు. తెలియని చోటు గనక రెండూ మనిషికి భయం కలిగించేవే.

చివరకు ఎంటర్‌ప్రైజ్‌ను పనిలో నుంచి తీసేస్తున్నామనీ, తిరిగి రమ్మనీ ఉత్తరువు వస్తుంది. కర్క్ తన దినచర్యలో ఇక ఈ ప్రయాణాలు మరొక బృందం చేతికి పోతాయని చెబుతాడు. 1966లో మొదలైన కథల్లో, ఏ పురుషుడూ పోని చోటికి ఈ నౌక పోతుందని చెప్పేవాళ్ళు. కర్క్ ఆ మాటే మొదలుపెట్టి, నడుమ ఆగి, "ఎవరూ" పోని చోటికని దిద్దుకుంటాడు. తరవాత ఏడుగురు నటుల సంతకాలు నక్షత్రాల మధ్య ఒక్కొక్కటిగా కనిపిస్తాయి. ఈ సినిమాను రాడెన్‌బెరీకి అంకితం చేశారు. విడుదలకు ఆరు వారాల ముందు, 1991 అక్టోబరు 24న ఆయన కన్నుమూశాడు.

మరుసటి సంవత్సరం, 1992 సెప్టెంబరులో, మే జెమిసన్ అనే వైద్యురాలు నిజమైన స్పేస్ షటిల్‌లో రోదసిలోకి పోయింది. రోదసికి పోయిన మొదటి నల్లజాతి స్త్రీ ఆమె. చిన్నతనంలో టెలివిజన్‌లో ఉహూరాను చూసి తనకు ఉత్సాహం కలిగిందని ఆమే చెప్పింది. అంటే, నటులు సెలవు తీసుకోకముందే, వాళ్ళు అప్పగించవలసినది ఎక్కడో ఒక చిన్నపిల్ల అందుకున్నదన్నమాట.

మీ ఇళ్ళలోనూ పెద్దవాళ్ళు మీకు ఎన్నో అప్పగిస్తారు. పొలం, పుస్తకాలు, పాటలు, వంటలు, మంచిమాటలు. వాటిని రెండు చేతులా తీసుకోండి. వాటితోపాటు "ఫలానావాళ్ళు మనకు పడరు" అనే మాట కూడా వస్తే, "ఎందుకు?" అని మర్యాదగా అడగండి. పెద్దలకు నా మనవి ఒకటే. పిల్లలు అట్లా అడిగినప్పుడు కసురుకోకండి.