ఘాట్ ఎక్కుతుండగా కొత్త బండి గుంజకపోతే

కరీంనగర్ నుంచి ఆదిలాబాద్ వెళ్లే దారి కంటికి ఇంపైన దారి. గంగాధర మీదుగా జగిత్యాల, అక్కడి నుంచి కోరుట్ల, మెట్‌పల్లి దాటి ఆర్మూరు చేరతాము. రోడ్డుకు రెండు వైపులా వరి, మక్క, పసుపు చేలు. ఆర్మూరు దగ్గర ఒకదాని మీద ఒకటి పేర్చినట్టున్న రాతిగుట్టలు. అక్కడ నాగపూర్ వైపు పోయే 44వ నంబరు జాతీయ రహదారి ఎక్కి, సోన్ దగ్గర గోదావరి దాటగానే పాత ఆదిలాబాద్ జిల్లా మొదలవుతుంది. 2016 అక్టోబరులో ఆ జిల్లా నాలుగైంది గనుక ఇప్పుడది నిర్మల్ జిల్లా. పొనికి చెక్కతో బొమ్మలు చేసే నిర్మల్ పట్టణం అక్కడికి దగ్గరే.

అంతవరకు బండికి పెద్ద పరీక్ష ఏమీ ఉండదు. నిర్మల్ నుంచి పాత రోడ్డు పట్టుకుని నేరడిగొండ వైపు పోతే మహబూబ్ ఘాట్ వస్తుంది. టేకు చెట్ల నడుమ మలుపులు తిరుగుతూ ఎక్కే దారి. వానకాలం తరువాత ఆ పచ్చదనం చూడటానికి జనం బండ్లు ఆపుకుని నిలబడతారు. కాని నిండా మనుషులతో, సామానుతో ఉన్న బండి ఇంజను బలమెంతో తేలేది కూడా అక్కడే. సాపు రోడ్డు మీద దాగిన లోపం ఎత్తు మీద బయటపడుతుంది.

నిరుడు పత్తి కాలంలో మా చిన్న బావ కొత్తగా కొన్న డీజిల్ బండిలో ఇంటిల్లిపాది ఆదిలాబాద్‌లోని మేనమామ ఇంటికి బయలుదేరాము. బండి కొని నాలుగు నెలలు కూడా కాలేదు. ఘాట్‌లో సగం ఎక్కాక ముందు భాగంలో 'టప్' మని చప్పుడైంది. ఆ వెంటనే గాలి బుస్సుమనే శబ్దం, వెనుక నల్లని పొగ. బావ ఎంత తొక్కినా బండి గుంజడం లేదు. ఎదురుగా మీటర్ల దగ్గర పచ్చని ఇంజను దీపం వెలిగింది. వెనుక పత్తి లోడుతో లారీలు వస్తున్నాయి. అమ్మ పిల్లలను దగ్గరకు పొదువుకుంది.

బావ కంగారుపడి ఇంకా తొక్కలేదు, మలుపులో ఆపనూ లేదు. నాలుగు మూలల దీపాలు వేసి, మొదటి గేరులో మెల్లగా రోడ్డు వెడల్పుగా ఉన్న చోటు దాకా నడిపి ఎడమ పక్కకు తీశాడు. హ్యాండ్ బ్రేకు గుంజి, ఇంజను ఆపి, బండిని మొదటి గేరులోనే ఉంచాడు. మేమందరం ఎడమ వైపు నుంచే దిగి, రోడ్డుకు దూరంగా చెట్ల కింద నిలబడ్డాము. వెనుక వచ్చిన లారీ డ్రైవరు ఒకాయన తన బండి పక్కకు ఆపి వచ్చాడు. "అన్నా, ముందుగాల టైరు ఎనుక రాయి పెట్టు. ఆ ఎర్ర ముక్కోణం బోర్డు ఉంటది చూడు, అది మలుపు ఇవతల పెట్టు. ఎనుకొచ్చేటోనికి కనబడాలె" అన్నాడు. ఇంజను చల్లారాక మూత తెరిచి చూస్తే, లావుపాటి నల్లని రబ్బరు పైపు ఒకటి ఊడి వేలాడుతోంది. దాన్ని పట్టి ఉంచే క్లిప్పు వదులైంది, అంతే.

బండికి అకస్మాత్తుగా బలం తగ్గడానికి కారణం ఎక్కువగా మూడు దారుల్లో ఒకదానిలో ఉంటుంది. గాలి దారి, ఇంధనం దారి, పొగ దారి. ఇప్పటి డీజిల్ బండ్లలో టర్బో అనే పరికరం గాలిని ఒత్తిడితో ఇంజనులోకి పంపుతుంది. ఎత్తు ఎక్కేటప్పుడు ఆ ఒత్తిడి పెరుగుతుంది. వదులైన పైపు అప్పుడే ఊడుతుంది. మా బండికి జరిగింది ఇదే.

రెండవది ఇంధనం. మన పల్లెల్లో ట్రాక్టరు కోసం డ్రమ్ములో పెట్టిన డీజిల్‌నే ఇంటి బండికీ పోయడం ఉంది. డ్రమ్ము అడుగున చేరిన నీరు, మడ్డి ఫిల్టరును మూసేస్తాయి. మెల్లగా పోతున్నంతసేపు తెలియదు, ఎత్తు రాగానే బండి దమ్ము విడుస్తుంది. ఇలాంటి డీజిల్ వల్ల చెడిపోతే వారంటీ కూడా వర్తించకపోవచ్చు.

మూడవది పొగ. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశంలో అమ్మే కొత్త బండ్లకు బీఎస్-6 నిబంధన వచ్చింది. అప్పటి నుంచి డీజిల్ కార్ల పొగగొట్టం దారిలో మసిని పట్టే జల్లెడ ఒకటి ఉంటోంది. ఆ మసి కాలిపోవాలంటే గొట్టం బాగా వేడెక్కాలి. ఇంటి నుంచి పొలానికి, పొలం నుంచి అంగడికి రెండు మూడు కిలోమీటర్లే తిరిగే బండిలో అది వేడెక్కదు, మసి పేరుకుపోతుంది. చివరికి లోపలి కంప్యూటరే ఇంజనును కాపాడటానికి బలం తగ్గిస్తుంది. అందుకని అప్పుడప్పుడు పెద్ద రోడ్డు మీద కొంతసేపు ఒకే వేగంతో నడపాలి. ఎంతసేపు, ఎంత వేగం అనేది బండితో ఇచ్చిన పుస్తకంలో ఉంటుంది. ఆ పుస్తకాన్ని సంచిలోంచి తీయని ఇళ్లే ఎక్కువ. దీపం వెలిగితే "కొత్త బండి కదా, ఏం కాదు" అనుకోవద్దు.

దిగేటప్పటి సంగతి ఇంకా ముఖ్యం. డీజిల్ మిగులుతుందని కొందరు దిగుడులో ఇంజను ఆపి బండిని జారవిడుస్తారు. ఇంజను ఆగితే స్టీరింగు బరువెక్కుతుంది. బ్రేకు ఒకటి రెండుసార్లు పట్టి, తరువాత గట్టిపడిపోతుంది. నడుస్తుండగా ఇంజను దానంతటదే ఆగితే బ్రేకును పదే పదే కొట్టకుండా ఒకేసారి గట్టిగా తొక్కి పట్టాలి. బండి పూర్తిగా నిలిచేదాకా తాళంచెవి బయటికి తీయకూడదు, స్టీరింగు బిగుసుకుంటుంది. ఘాట్ రోడ్డు సంగతి మన ప్రాంతం వారికి కొత్తగా చెప్పనక్కరలేదు. 2018 సెప్టెంబరు 11న కొండగట్టు దిగుతూ ఆర్టీసీ బస్సు లోయలో పడి 60 మందికి పైగా చనిపోయారు. ఆ రోజు బస్సులో పట్టవలసిన వారికంటే ఎక్కువ మంది ఉన్నారు. బయలుదేరే ముందు ప్రార్థన చేసుకునే మనము, టైర్లు, బ్రేకులు, ఎక్కిన తలలు కూడా ఒకసారి చూసుకోవాలి కదా.

మా బండి పైపును లారీ డ్రైవరు బిగించి ఇచ్చాడు. డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు. మెల్లగా ఆదిలాబాద్ చేరి, మరునాడు సర్వీసు వారి దగ్గరకు పోతే, "బయటివాళ్లు చేయి పెట్టారు, వారంటీ రాదు" అన్నారు. పైపును ముట్టకముందే బావ ఊడిన క్లిప్పును, వెలిగిన దీపాన్ని ఫోనులో ఫోటో తీసి ఉంచాడు. అవి చూపించాక డబ్బు లేకుండా కొత్త క్లిప్పు వేశారు. ఏ మరమ్మతు చేసినా తేదీ, తిరిగిన కిలోమీటర్లు, చేసిన పని రాసిన జాబ్ కార్డు అడిగి తీసుకోండి. అదే లోపం మళ్లీ మళ్లీ వస్తే ఆ కాగితాలే మనకు సాక్ష్యం. జాతీయ వినియోగదారుల సహాయ నంబరు 1915. 2019 నాటి వినియోగదారుల చట్టం ప్రకారం రెండేళ్లలోపు జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు వేయవచ్చు.

ఇక దారిలో సహాయానికి, జాతీయ రహదారి మీదైతే 1033, ఏ రోడ్డు మీదైనా ప్రాణాపాయం ఉంటే 112. ఈ రెండూ పిల్లలకు కూడా నేర్పండి.

ఆ లారీ డ్రైవరు వెళ్లబోతూ మా పిల్లవాణ్ణి పిలిచి టైరు వెనుక పెట్టిన రాయి చూపించాడు. "మీ పని అయినంక దాన్ని రోడ్డు కిందికి దొర్లియ్యుండ్రి. రాత్రి మోటరుసైకిలు మీద వచ్చేటోడు సూడక దానికి తాకితే పానం పోతది" అన్నాడు. ఆ తరువాత నేరడిగొండ దాకా చూస్తూ వచ్చాను. ఎవరి బండి కిందో పెట్టి అక్కడే వదిలేసిన రాళ్లు రోడ్డు మీద మూడు కనబడ్డాయి. బావ ప్రతి చోటా బండి పక్కకు ఆపి, దిగి వాటిని తీసేశాడు.