మా తొండపిల్ల

తొండ ముదిరి ఊసరవెల్లి అయిందని సామెత. ఎవరైనా కాస్త తెలివి మీరితే మన పెద్దవాళ్లు ఈ మాటే అంటారు. నిజానికి తొండ ఎంత ముదిరినా తొండే. ఊసరవెల్లి కుటుంబం వేరు. దాని కళ్లు రెండూ రెండు దిక్కులకు తిరుగుతాయి, నాలుక బాణంలా దూసుకుపోతుంది. పాపం, తొండకు ఆ విద్యలేవీ రావు. చెడ్డపేరు మాత్రం దండిగా ఉంది. మగతొండ మెడ ఎర్రబడితే అది దూరం నుంచే మన నెత్తురు పీలుస్తోందని చిన్నప్పుడు భయపడేవాళ్లం. అది జతకోసం వేసుకునే రంగు. దానికి విషం లేదు. మన తోటల్లో పురుగుల్నీ మిడతల్నీ తిని బతుకుతుంది.

మిత్రులారా, మన హాస్టల్లో ఒక తొండపిల్ల పందొమ్మిది రోజులు ఉంది. ఇప్పుడున్న తమ్ముళ్లకు ఆ సంగతి తెలియదు కాబట్టి రాస్తున్నాం.

అది 2017 జూలై. మేము నలుగురం పదో తరగతి, ఒకే గది. ఆ ఏడు ఆరో తరగతిలో చేరిన ఒక తమ్ముడు గోదావరి లంకల నుంచి వచ్చాడు. (పేరు రాయడం లేదు. ఇప్పుడు డిగ్రీ చదువుతున్నాడు, సిగ్గుపడతాడు.) వచ్చిన రోజు నుంచీ వాడికి అన్నం సహించేది కాదు. స్టడీ అవర్లో పుస్తకం మీద తల పెట్టుకుని ఏడ్చేవాడు. కామాటి గారు బతిమాలినా, వార్డెన్ గారు కసిరినా రెండు ముద్దలే. వాళ్ల నాన్న వస్తే టీసీ తీసుకుని వెళ్లిపోతాడనే అందరం అనుకున్నాం. అలా వెళ్లినవాళ్లు కొందరు మళ్లీ ఏ బళ్లోనూ చేరలేదు. అది మేము చూసిందే.

ఒక ఆదివారం పంపు దగ్గర బట్టలు ఉతుక్కుంటుంటే వాడు దోసిలి మూసుకుని వచ్చాడు. లోపల తొండపిల్ల. వెనక కొబ్బరితోటలో ఎవరో పిల్లలు ఈనె చివర దారంతో ఉచ్చు వేసి పట్టుకుని, ఆడుకుని, వదిలేసి పోయారు. వేలెడంత ఒళ్లు, దానికి రెండింతలు తోక. నడుం చుట్టూ దారం కోసుకుపోయి ఉంది. వెనక కాలు ఒకటి ఈడుస్తోంది.

"బతుకుద్దా అన్నయ్యా?" అన్నాడు. మాతో వాడు మాట్లాడిన మొదటి మాట అదే.

దారాన్ని బ్లేడుతో కోసి తీశాం. కాచి చల్లార్చిన నీళ్లతో పుండు కడిగాం. నూనె ప్యాకెట్లు వచ్చిన అట్టపెట్టెలో పొడి మట్టి, ఒక కొబ్బరి డొక్క, ఎక్కి కూర్చోవడానికి జామకొమ్మ పెట్టి, పైన చిరిగిన దోమతెర ముక్క కట్టాం. ఇల్లు అయింది. తిండి దగ్గరే వచ్చింది చిక్కు. వాడు తన కంచంలోంచి నాలుగు మెతుకులు తెచ్చి పెట్టాడు. అది వాటి వైపు చూడనైనా లేదు. కదిలేదే దాని కంటికి తిండి. ఇక ఆ తమ్ముడికి పని దొరికింది. పొద్దున్నే గడ్డిలో చిన్న మిడతలు, సాయంత్రం గోడవార కీచురాళ్లు. చీమలు తెస్తే మాత్రం వద్దన్నాం, పుండు ఉన్నదాన్ని అవే కుడతాయని. నీళ్లు మూతలో పోస్తే తాగలేదు. కొమ్మ మీద చిలకరిస్తే బొట్టు బొట్టుగా నాకింది.

ఐదో రోజున ముసురు పట్టింది. మూడు రోజులు ఎండ మొహం లేదు. పిల్ల నల్లగా మారి కళ్లు మూసుకుంది. మిడత ముక్కు ముందు గెంతినా కదల్లేదు.

"బెంగెట్టుకుందండి. ఆళ్లమ్మ కాడికెళ్లిపోవాలని" అన్నాడు వాడు.

మేమెవరం ఏమీ అనలేదు. తల్లితొండ మట్టిలో గుంట తీసి గుడ్లు పెట్టి, పూడ్చి వెళ్లిపోతుందనీ, ఆరేడు వారాలకు పిల్లలు వాటంతట అవే బయటపడి ఆ రోజు నుంచే తమ తిండి తాము వెతుక్కుంటాయనీ ఆ తర్వాత చదువుకున్నాం. అప్పటికి తెలిసి ఉన్నా వాడికి చెప్పేవాళ్లం కాదేమో.

ఉపాయం కామాటి గారు చెప్పారు. "కోడిపిల్లల్ని పొయ్యి కాడెట్టి బతికించుకోట్లేదా? దీన్నీ తెండి" అన్నారు. పెట్టె వంటగది గోడ పక్కకు చేరింది. పెట్టెతోపాటు తమ్ముడూ చేరాడు, వాడి కంచమూ చేరింది. పొయ్యి వెలుగులో పెట్టె చూసుకుంటూ తినేవాడు. ఎంత తిన్నాడో ఎవరం లెక్కపెట్టలేదు. నాలుగో రోజు కాస్త ఎండ వచ్చింది. ఆ రాత్రి లైటు చుట్టూ ఉసిళ్లు మూగాయి. తెల్లారి వాటిలో పదకొండింటిని తొండపిల్ల గబగబా మింగింది. వాడు లెక్కపెట్టి మరీ వచ్చి చెప్పాడు.

ఆ నలుగురిలో ఇద్దరం ఇప్పుడు జంతుశాస్త్రంలోనే పీజీ చేస్తున్నాం. కామాటి గారి మాటకు కారణం పుస్తకంలో దొరికింది. తొండ ఒంట్లో వేడి దానంతటది పుట్టదు, బయటినుంచి తెచ్చుకోవాలి. ఒళ్లు చల్లబడితే ఆకలీ ఉండదు, తిన్నదీ అరగదు. ఈమధ్య మన నగరాల్లోనూ కొందరు బియర్డెడ్ డ్రాగన్ అనే ఆస్ట్రేలియా తొండను పెంచుతున్నారు. మన తొండా అదీ ఒకే కుటుంబం, అగామిడే. దాని పిల్లకు పెట్టెలో ఒక మూల నలభై డిగ్రీల వేడి, ఇంకో మూల చల్లదనం ఉండాలి. రోజూ రెండు మూడు సార్లు పురుగులు వెయ్యాలి. ఆ పురుగు దాని రెండు కళ్ల మధ్య దూరం కన్నా పెద్దది కాకూడదు. పురుగులకు కాల్షియం పొడి అద్దాలి. అతినీలలోహిత కిరణాలిచ్చే లైటు వేరేగా కొనాలి, అవి లేకపోతే ఒంట్లో డి విటమిన్ తయారుకాక ఎముకలు మెత్తబడి వంకర్లు పోతాయి. కిటికీ అద్దంలోంచి పడే ఎండ చాలదు, వెచ్చదనం వస్తుంది గాని ఆ కిరణాలు అద్దం దగ్గరే చాలావరకు ఆగిపోతాయి. ఇంత ఖర్చు పెట్టి కొనే ఎండ మన పెరట్లో ఊరికే ఉంది. అందుకే ముసురు వదిలాక పెట్టెను రోజూ పొద్దున కాసేపు ఎండలోనూ, సగం నీడ ఉండేలానూ పెట్టేవాళ్లం. ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోమనేవారు మా సైన్సు మాస్టారు. ఈ జాతి ఒంటిమీద సాల్మొనెల్లా క్రిములు ఉండొచ్చు. తమ్ముడికి ఆ నెల సబ్బు ముందే అరిగిపోయింది, మాది వాడుకున్నాడు.

బల్లి తోక వదిలేసి పారిపోతుంది, తొండ అలా చెయ్యదు. అందుకని తోక పట్టుకుని ఎత్తకూడదని వాడే మిగతా పిల్లలకు చెప్పేవాడు. రెండు వారాలకు పుండు మానింది. కాలు ఈడ్వడం తగ్గింది. కొమ్మెక్కి తల పైకీ కిందికీ ఊపుతూ దండీలు తీయడం మొదలెట్టింది. స్కూల్లో పీఈటీ మాస్టారి పేరు దానికి పెట్టారు, ఆ పేరు ఇక్కడ రాయలేం.

ఉంచేసుకుందామని గదిలో ఇద్దరు అన్నారు. వద్దన్నది తమ్ముడే. "ఇక్కడుంటే రోజూ మనం తెచ్చినదే తినాలి కదండీ" అన్నాడు. పందొమ్మిదో రోజు మధ్యాహ్నం, మంచి ఎండలో, దొరికిన చోటికే తీసుకెళ్లాం. దోమతెర విప్పితే కొంచెంసేపు కదల్లేదు. తర్వాత ఒక్క ఉరుకులో కొబ్బరిచెట్టు మొదలెక్కి అవతలి పక్కకు తిరిగిపోయింది. చూద్దామని వాడు చెట్టు చుట్టూ వెళ్లాడు. అది మళ్లీ ఇవతలికి వచ్చింది. వాడు ఇటు వస్తే అది అటు. మూడుసార్లు తిరిగాక పైకి పాకి మట్టల్లో కలిసిపోయింది. ఇంతలో అన్నం బెల్లు కొట్టారు. ఖాళీ పెట్టె చంకలో పెట్టుకుని మాకన్నా ముందు వాడే పరుగెత్తాడు.