పెంట ఎవరు తీస్తారు?

పోయిన ఏడాది జూన్‌లో మా వాడి బళ్ళో ఒక కాగితం ఇచ్చి పంపారు. 'పెంపుడు జంతువులతో పెరిగే పిల్లలకు కలిగే లాభాలు' అని పైన పెద్దక్షరాలు. కింద పది లాభాలు వరసగా. బాధ్యత తెలుస్తుంది, దయ అలవడుతుంది, ఒంటరితనం పోతుంది, ఆత్మవిశ్వాసం పెరుగుతుంది... వాడు దాన్ని తెచ్చి ఫ్రిజ్‌కి అంటించి, పక్కన ఒక కుక్కపిల్ల బొమ్మ గీసిపెట్టాడు. ఎనిమిదేళ్ళవాడు. అడగడంలో వాళ్ళ పద్ధతులు వాళ్ళకుంటాయి.

"సరే, తెచ్చుకుందాం. దాని పెంట ఎవరు తీస్తారు?" అన్నాను.

వాడు క్షణం కూడా ఆలోచించలేదు. "నువ్వు" అన్నాడు. నా మొహం చూసి కాస్త సర్దుకుని, "లేకపోతే ఆంటీ" అన్నాడు. ఆంటీ అంటే మా ఇంట్లో పనిచేసే ఆమె.

నాకు నోట మాట రాలేదు. నేను పిహెచ్‌డి చేసింది కథల్లో ఇంటి చాకిరీ మీద. ఆ సిద్ధాంత గ్రంథం మా హాల్లో అలమరలో, వాడి బొమ్మల కార్ల పక్కనే ఉంటుంది. అలాంటి ఇంట్లో పుట్టినవాడికి కూడా ఎవరూ నేర్పకుండానే ఆ జవాబు వచ్చేసింది. సోఫాలో కూర్చున్న నా సహచరుడు నవ్వాడు. వాడి జవాబు కంటే ఈయన నవ్వే నన్ను ఎక్కువ రోజులు వేధించింది.

ఆ కాగితంలో రాసినవి అబద్ధాలని నేననను. జంతువుల మధ్యే పెరిగినదాన్ని. ఖమ్మం జిల్లాలో మధిర దగ్గర మా ఊరు. రెండు గేదెలు, ఒక జత ఎడ్లు, కోళ్ళు, ఒక కుక్క. వీటిలో దేన్నీ మేం 'పెట్' అనుకోలేదు. ప్రతిదానికీ ఒక పని ఉండేది, దాన్ని సాకడానికి ఒక మనిషి ఉండేది. ఆ మనిషి చాలావరకు మా అమ్మ. నాకు ఏడెనిమిదేళ్ళు వచ్చేసరికి సగం నేను. పొద్దున్నే పేడ తీయడం, కుడితి కలపడం, సాయంత్రం గడ్డి వేయడం. అన్నయ్య నాకంటే రెండేళ్ళు పెద్ద. వాడికి చదువుండేది. నాకూ చదువుండేది కానీ అది పేడ తీశాక మొదలయ్యేది.

కుక్క మాత్రం అన్నయ్యది. పేరు రాజు. వాడు బడి నుంచి వచ్చేసరికి ఊరి మొగదల కూర్చుని ఉండేది. ఇప్పటికీ పెళ్ళిళ్ళలో, పండగల్లో నలుగురు కూర్చుంటే అన్నయ్య రాజు కథలు చెప్తాడు. వాగులో ఈత కొట్టిన కథ, పాముని పట్టిన కథ. బాగా చెప్తాడు, నేనూ నవ్వుతాను. ఆ కథల్లో రాజు ఎప్పుడూ అన్నం తినదు. అన్నం పెట్టింది అమ్మ. అందరూ తిన్నాక ఆడవాళ్ళం తినేవాళ్ళం, ఆ తర్వాత మిగిలింది రాజుకి. మిగలని రోజున అమ్మ తన కంచంలోంచి రెండు ముద్దలు పక్కన పెట్టడం నేను చూశాను. ఒకసారి దాని చెవికి పుండు పడి పురుగులు పట్టాయి. అన్నయ్య చూడలేక ఏడ్చి బయటికి పోయాడు. అమ్మ సీతాఫలం ఆకు నూరింది, నేను రాజు మూతి గట్టిగా పట్టుకున్నాను. వారం రోజులు రోజూ అదే పని. అన్నయ్య ఏడుపు దొంగ ఏడుపని కాదు. వాడికి ఏడవడానికి తీరిక ఉంది, మాకు లేదు. అంతే తేడా.

ఇక గేదె సంగతి. 1998లో, నాకు పదేళ్ళప్పుడు, ఒక రాత్రి అమ్మ నన్ను లేపి లాంతరు పట్టుకోమంది. కరెంటు లేదు. కొట్టంలో గేదె ఈనుతోంది. ముందు రెండు గిట్టలు కనిపించాయి, తర్వాత మూతి. అమ్మ రెండు చేతులతో పట్టి, గేదె నొప్పి పడినప్పుడల్లా మెల్లగా లాగింది. దూడ జారి గడ్డిమీద పడింది. అమ్మ దాని ముక్కూ మూతీ తుడిచి, వెనక కాళ్ళు విడదీసి చూసి, "పెయ్యే!" అని కేక పెట్టింది. అంత సంతోషం అమ్మ గొంతులో నేనంతకు ముందు వినలేదు. తెల్లారేసరికి ఊరంతా తెలిసింది. జున్నుపాలు పది ఇళ్ళకు వెళ్ళాయి.

దానికి మూడు నెలల ముందే మా పిన్నికి రెండో కూతురు పుట్టింది. ఆ రోజు మా ఇంట్లో పొయ్యి వెలిగించడానికి కూడా ఎవరికీ మనసు రాలేదు. బాబాయి వారం దాకా చూడ్డానికి వెళ్ళలేదు. నాకు ఈ రెండూ పక్కపక్కనే కనపడ్డాయి. అడిగేశాను. "పిన్నికి పాప పుడితే ఏడ్చారు, గేదెకు పెయ్య పుడితే జున్ను పంచుతున్నారేందే?"

అమ్మ కుడితి కలుపుతూనే చెప్పింది. "పెయ్యకు కట్నం ఇయ్యక్కర్లేదు గదే."

ఆ తర్వాత ఎన్నో సెమినార్లలో కూర్చున్నాను. ఇంత తక్కువ మాటల్లో ఇంత విషయం చెప్పినవాళ్ళు తక్కువ. కొట్టంలో లెక్క తలకిందులు. అక్కడ మగదూడ పుడితే నష్టం. దానికి పాలు సరిగ్గా వదిలేవాళ్ళు కాదు. చాలావరకు కొన్ని వారాల్లోనే చనిపోయేవి. చనిపోతే మాదిగవాడ నుంచి మనిషి వచ్చి తీసుకెళ్ళేవాడు. పెంపకం మాది, పాలు మావి, శవం వాళ్ళది. దాని గురించి మాత్రం నేను అమ్మను ఏమీ అడగలేదు. పదేళ్ళ పిల్లకు కొన్ని కనపడతాయి, కొన్ని కనపడనంత మామూలుగా ఉంటాయి.

ఆ పెయ్యను నాకప్పగించారు. బుజ్జి అని పేరు పెట్టుకున్నాను. దానితో అన్నీ చెప్పుకునేదాన్ని. పన్నెండేళ్ళప్పుడు మా ఊళ్ళో కిరాణా కొట్టు పెద్దమనిషి చిల్లర చేతిలో పెడుతూ నా చెయ్యి వదలకుండా, రెండో చెయ్యి ఎక్కడెక్కడో వేయడం మొదలుపెట్టాడు. దానికి ఏ పేరు పెట్టాలో నాకు తెలియదు. ఇంట్లో ఎలా చెప్పాలో అంతకన్నా తెలియదు. బుజ్జికి చెప్పాను. దాని మెడ కింద గోకుతూ, రోజూ కొంచెం కొంచెం. మొదటిరోజు 'ఆయన మంచోడు కాదు' అని మాత్రమే అనగలిగాను. పది రోజులకు మొత్తం చెప్పగలిగాను. ఆ మాటలు నా నోటికి అలవాటయ్యాయి. అప్పుడు అమ్మకు చెప్పాను. అమ్మ ఏమీ అనలేదు. ఆ కొట్టుకి మళ్ళీ నన్ను పంపలేదు. ఉప్పు అయిపోతే రెండు బజార్లు దాటి వేరే కొట్టుకి తనే వెళ్ళేది.

కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2017లో ప్రచురించిన ఒక అధ్యయనం చదివినప్పుడు బుజ్జి మెడ నా వేళ్ళకి తగిలినట్టయింది. పన్నెండేళ్ళ పిల్లలు తోబుట్టువులతో కంటే పెంపుడు జంతువులతో అనుబంధంలో ఎక్కువ తృప్తి పొందుతున్నామని చెప్పారట. మగపిల్లల కంటే ఆడపిల్లలు వాటి దగ్గర ఎక్కువగా మనసు విప్పుకుంటున్నారట. ఆ అధ్యయనాన్ని ఉటంకించేవాళ్ళు దీన్ని తీయగా చెప్తారు. నాకలా అనిపించదు. ఆడపిల్ల గేదెతో ఎందుకు చెప్పుకుంటుంది? గేదె 'నువ్వెందుకు వెళ్ళావు' అని అడగదు కాబట్టి.

మా వాడు తెచ్చిన కాగితం పుణ్యమా అని ఈ మధ్య ఇలాంటివి చాలానే చదివాను. అదే 2017లో అమెరికాలో రాండ్ సంస్థ పరిశోధకులు కాలిఫోర్నియాలో 5 నుంచి 11 ఏళ్ళ పిల్లలు 5,000 మందికి పైగా ఉన్న సమాచారాన్ని తిరగేశారు. జంతువులున్న ఇళ్ళలో పిల్లల ఆరోగ్యం, ప్రవర్తన కాస్త మెరుగ్గానే కనిపించాయి. కానీ కుటుంబ ఆదాయం, ఇల్లు, తల్లిదండ్రుల పరిస్థితి లెక్కలోకి తీసుకునేసరికి ఆ తేడా దాదాపు పోయింది. కుక్కని పోషించగలిగిన ఇంట్లో పిల్లలు కూడా బాగా పెరుగుతారు. ఇది చెప్పడానికి కుక్క ఎందుకు?

నన్ను నిజంగా ఆపింది మాత్రం గెయిల్ మెల్సన్. పిల్లల జీవితాల్లో జంతువుల గురించి 2001లో పుస్తకం రాసిన పరిశోధకురాలు. ఆమె గమనించింది ఇది. చంటిపిల్లల్ని ఎత్తుకోవడం, ఆడించడం మగపిల్లలకు చిన్నప్పుడు ఇష్టమే. ఐదారేళ్ళు వచ్చేసరికి అది ఆడపిల్లల పని అని తెలుసుకుని దూరం జరుగుతారు. పెంపుడు జంతువు దగ్గర మాత్రం అలా జరగడం లేదు. దాన్ని సాకే పనికి ఇంకా ఎవరూ చీర కట్టలేదు. అక్కడ మగపిల్లవాడు కూడా ఒక ప్రాణాన్ని చూసుకోవచ్చు, ఎవరూ వెక్కిరించరు.

అంటే మా వాడికి ఇక్కడో సందుంది. అది అందరికీ తెరిచే ఉందా అంటే, మా కొట్టంలో లేదు. అక్కడ సాకడం మొత్తం నా పని, ప్రేమించడం మొత్తం అన్నయ్య పని. మన దేశంలో 2019లో జరిపిన సమయ వినియోగ సర్వేలో జీతం లేని ఇంటి పనిచేసే ఆడవాళ్ళు రోజుకి 299 నిమిషాలు, మగవాళ్ళు 97 నిమిషాలు దానికి వెచ్చిస్తున్నారని తేలింది. కుక్క ఇంటికొస్తే ఏ అంకె పెరుగుతుందో చెప్పడానికి ఇంకో సర్వే అక్కర్లేదు.

సాహిత్యంలోనూ ఇంతే. శరత్‌బాబు 'మహేశ్' కథ ఎంతమంది కళ్ళు తడిపిందో! గఫూర్, అతని ఎద్దు మహేశ్. జ్వరమని చెప్పి తన అన్నం ఎద్దుకు పెట్టించే గఫూర్ ప్రేమ గురించి పేజీలకు పేజీలు విమర్శ వచ్చింది. ఆ అన్నం వండేది పదేళ్ళ కూతురు అమీనా. ఎండలో నిలబడి, తురకలు నీళ్ళ దగ్గరికి రాకూడదు కాబట్టి ఎవరైనా పోసేదాకా కాచుకుని నీళ్ళు తెచ్చేది అమీనా. మహేశ్ దాహంతో పడదోసింది ఆ పిల్ల కుండనే. గఫూర్ కోపంలో కొట్టిన దెబ్బకి ఎద్దు చచ్చిపోతే 'మన మహేశ్' అని ఏడ్చిందీ ఆ పిల్లే. ఆ ఎద్దుకీ అమీనాకీ మధ్య ఏముండేదో శరత్ రాయలేదు, నేను పాఠం చెప్పిన ఏ తరగతిలోనూ ఎవరూ అడగలేదు. చాలాకాలం నేను కూడా అడగలేదు.

సెప్టెంబరు వానల్లో మా అపార్ట్‌మెంట్ సెల్లార్లో ఒక పిల్లి ఈని, ఒక్క కూనను వదిలేసి పోయింది. మా వాడు చొక్కాలో పెట్టుకుని పైకి తెచ్చాడు. ఇక వద్దనడం కుదర్లేదు. డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి టీకాల సంగతి అడిగాం. గీరితే వెంటనే సబ్బునీళ్ళతో పావుగంట కడుక్కోవాలని, డాక్టరుకి చూపించాలని మా వాడితో వల్లె వేయించాను. 2023లో అంబర్‌పేటలో నాలుగేళ్ళ పిల్లాణ్ణి వీధికుక్కలు చంపేసినప్పటి నుంచి నాకు జంతువుల విషయంలో ముచ్చట కంటే ముందు భయం వస్తుంది. దాచుకోను.

ఫ్రిజ్ మీద లాభాల కాగితం తీసేసి టైంటేబుల్ పెట్టాను. సోమ, బుధ, శుక్ర మా వాడు. మంగళ, గురు, శని వాళ్ళ నాన్న. ఆదివారం ఇద్దరూ. నా పేరు లేదు. మూడు వారాలు ఇల్లు బాగానే నడిచింది. నాకు గర్వంగా కూడా ఉంది. అబద్ధమెందుకు, ఒకరిద్దరు స్నేహితురాళ్ళకి ఫోన్ చేసి చెప్పుకున్నాను.

ఒకరోజు యూనివర్సిటీ నుంచి తొందరగా వచ్చాను. బాల్కనీలో పనిచేసే ఆమె గొంతుక్కూర్చుని పిల్లి ఇసుక డబ్బా కడుగుతోంది.

"నువ్వెందుకు చేస్తున్నావమ్మా?" అన్నాను.

"మొదట్నుంచీ నేనే చేస్తున్నానక్కా. బాబు ముక్కు మూసుకుంటున్నాడు పాపం. సార్ కూడా చెయ్యమన్నారు."

మొదటి నుంచీ. నా పేరు తీసేసిన చోట ఖాళీ లేదు, ఇంకో ఆడమనిషి ఉంది. టైంటేబుల్లో ఆమె పేరు రాయలేదు కాబట్టి నాకు కనపడలేదు. మాదిగవాడ నుంచి వచ్చి దూడను మోసుకుపోయిన మనిషి కూడా నాకిలాగే కనపడలేదు. ఆ మూడు వారాలకు ఆమెకివ్వాల్సిన డబ్బు లెక్కగట్టి ఇచ్చాం. ఆమె మొహమాటపడింది. నేనింకా ఎక్కువ. ఆ రాత్రి నా సహచరుడితో జరిగిన గొడవ ఇక్కడ రాయను. కొత్తగా ఏమీ లేదు అందులో.

ఇప్పుడు ఆ డబ్బా వాళ్ళిద్దరే కడుగుతున్నారు. మా వాడు ముక్కుకి కర్చీఫ్ కట్టుకుంటాడు. మొన్న పిల్లికి విరేచనాలైతే రాత్రి రెండింటికి వాడే లేచి, నన్ను లేపకుండా తుడిచి పడుకున్నాడు. పొద్దున చెప్పాడు, గొప్పగా కాదు, నిద్రమొహంతో. రోజూ ఇలా ఉంటుందని కాదు. ఎగ్గొట్టే రోజులూ ఉన్నాయి.

ఇదంతా ఫోన్లో అమ్మకు చెప్పాను. పిల్లి ఉచ్చకి డబ్బులిచ్చి ఇసుక కొంటున్నామంటే చాలాసేపు నవ్వింది. నవ్వి, "నీకు బుజ్జి గుర్తుందానే?" అంది.

ఎందుకు గుర్తుండదు? 2003లో నన్ను ఖమ్మంలో ఇంటర్‌లో చేర్చి హాస్టల్లో వేయడానికి బుజ్జిని, దాని తొలి దూడతో సహా అమ్మేశారు. అన్నయ్య చదువుకి నాన్న అప్పు చేశాడు. నా చదువుకి అప్పు చేయనన్నాడు. "అది సాకిన గేదె, దాని చదువుకే" అని అమ్మ పట్టుపట్టి బేరం తనే చేసింది. నేను ఏడ్చాను. అమ్మ డబ్బులు లెక్కపెట్టి కొంగున ముడేసుకుంది. ఆ రోజు అమ్మ కంట తడి చూడలేదు నేను. కొట్టంలో ఉండేది అమ్మకి పని మాత్రమే అనుకున్నాను, ఇరవై ఏళ్ళు.

"నువ్వు హాస్టల్‌కి పోయినాక నెల్లాళ్ళకి పోయి చూసొచ్చానే" అంది అమ్మ. "మీ నాన్నకి చెప్పలా. కూలికి పోతున్నానని చెప్పి నాలుగు మైళ్ళు నడిచి పోయా. వాళ్ళ దొడ్లో కట్టేసి ఉంది. నన్ను చూసి పలుపు తెంపుకున్నంత పని చేసింది."

"మరి నాకు చెప్పలేదేం?"

"నువ్వు అడగలా."